కండ పెరిగిన మచ్చకు ఏం చేయాలి: వంటనూనె మార్చడమా, పైన రాయడమా, ఇంజెక్షనా?

చెవి కుట్టించుకున్న చోట బఠాణీ గింజంత గడ్డ. ఛాతీ మీద మొటిమ మానిపోయాక ఎర్రగా ఉబ్బి, రాత్రిళ్లు దురద పెట్టే గీత. సిజేరియన్ కోత పొడవునా గట్టిపడి పైకి లేచిన మచ్చ. ఇలాంటిది ఒకటి వచ్చిందంటే చాలు, ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ఒక వైద్యం చెప్పి పోతారు. అత్తగారు ఆముదం రాయమంటారు. పక్కింటావిడ విటమిన్ ఇ క్యాప్సూల్ చిదిమి పూయమంటుంది. ఫోన్లో వీడియోలు చూసే తమ్ముడు ఒమేగా-3 మింగమంటాడు. డాక్టరు గారేమో స్టెరాయిడ్ ఇంజెక్షన్ అంటారు. గుంటూరు కొత్తపేటలో మందుల షాపు కౌంటరు వెనక పనిచేసే నాకు ఈ గందరగోళం తరచూ కనిపిస్తుంది.

ఈ సలహాల్లో చాలావాటి వెనక ఉన్నవి కొవ్వు ఆమ్లాలే. నూనెలో ఉండేవి అవే, చేపలో ఉండేవి అవే. స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేసే పనుల్లో ఒకటి కూడా వాటి నుంచి పుట్టే రసాయనాలను ఆపడమే. అందుకే ఏది ఎవరికి పనికొస్తుందో పక్కపక్కన పెట్టి చూడొచ్చు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గాయం మానేటప్పుడు ఒంటికి అందాల్సిన కొవ్వు వంటింట్లోనే దొరుకుతుంది. ఒకసారి పెరిగిపోయిన కండను తగ్గించే శక్తి మాత్రం ఏ వంటనూనెకూ లేదు. ఈ రెండిటినీ కలిపేసుకోవడం వల్లే జనం నెలల తరబడి కాలం పోగొట్టుకుంటున్నారు.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదట తేల్చుకోవాల్సింది మచ్చ ఏ రకమో. లేచిన మచ్చలన్నీ ఒకటి కావు. హైపర్‌ట్రాఫిక్ మచ్చ గాయం ఎంతమేర ఉందో అంతవరకే ఉబ్బుతుంది. సాధారణంగా గాయం మానిన ఒకటి రెండు నెలల్లో మొదలై, కొన్నాళ్లు పెరిగి, తర్వాత ఏడాది రెండేళ్లలో చాలామందిలో దానంతటదే కొంత అణుగుతుంది. కీలాయిడ్ అలా ఆగదు. గాయం గీత దాటి పక్కనున్న మంచి చర్మం మీదికి పాకుతుంది. గాయం మానిన కొన్ని నెలలకు, ఒక్కోసారి ఏడాది తర్వాత కూడా మొదలవుతుంది. దానంతటది తగ్గిపోవడం చాలా అరుదు. మీ మచ్చ అంచును ఒకసారి జాగ్రత్తగా చూడండి. కుట్ల గుర్తుల్ని దాటి బయటికి వచ్చిందా, లోపలే ఉందా? ఈ ఒక్క ప్రశ్న సగం దారి చూపిస్తుంది. మచ్చ చుట్టూ బాల్‌పెన్నుతో సన్నగా గీత గీసి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసుకుని, నెల తర్వాత అదే వెలుతురులో మళ్లీ తీసుకుంటే పెరుగుతోందో లేదో కూడా తెలిసిపోతుంది. డాక్టరుకు ఆ రెండు ఫొటోలు చాలా పనికొస్తాయి.

రెండోది, గాయం ఇప్పుడు ఏ దశలో ఉంది? పచ్చిగా ఉందా, పక్కు రాలి కొత్త చర్మం వచ్చిందా, లేక మచ్చ గట్టిపడి నెలలు దాటిందా? ఒకే వస్తువు ఒక దశలో మేలు చేస్తే, ఇంకో దశలో కీడు చేయొచ్చు.

మూడోది, మీకు ప్రమాదం ఎంత? ఇంట్లో అమ్మకో అన్నకో కీలాయిడ్ ఉన్నా, మీకే ఇంతకుముందు ఒకటి వచ్చి ఉన్నా జాగ్రత్త ఎక్కువ పడాలి. చామనఛాయ, నలుపు ఒంటివాళ్లలో ఇవి ఎక్కువ. పది నుంచి ముప్పై ఏళ్ల మధ్య ఎక్కువ. చెవి తమ్మె, ఛాతీ మధ్యభాగం, భుజం, వీపు పైభాగం, దవడ అంచు వీటికి ఇష్టమైన చోట్లు. చర్మం ఎప్పుడూ లాగబడుతూ ఉండే చోట మచ్చ లేచే అవకాశం ఎక్కువ.

ఇక నాలుగోది ఖర్చు, ఓపిక, దుష్ప్రభావం. షుగర్ ఉందా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, గర్భంతో ఉన్నారా అన్నవి కూడా ఇందులోకే వస్తాయి.

కొవ్వు ఆమ్లాలకూ మచ్చకూ ఏమిటి సంబంధం?

గాయం అయ్యాక దాన్ని పూడ్చడానికి ఫైబ్రోబ్లాస్ట్ అనే కణాలు కొలాజెన్ అనే ప్రోటీను తయారుచేస్తాయి. గాయం పూడాక వాటికి 'ఇక చాలు' అన్న సంకేతం అందాలి. కీలాయిడ్లో ఆ సంకేతం సరిగా పనిచేయదు. గోడ కట్టడం పూర్తయినా మేస్త్రీకి కబురు అందక వరస మీద వరస పేరుస్తూనే ఉన్నట్టు ఉంటుంది లోపలి పరిస్థితి. మామూలు చర్మంతో పోలిస్తే కీలాయిడ్లో కొలాజెన్ తయారీ 20 రెట్ల దాకా ఉంటుందని లెక్క. దీన్ని నడిపించేవాటిలో పెద్దది టీజీఎఫ్-బీటా అనే సంకేత ప్రోటీన్. దాంతోపాటు వాపు రసాయనాలూ ఉంటాయి. కొవ్వు ఆమ్లాల కథ ఆ వాపు దగ్గరే మొదలవుతుంది.

మన కణాల పొరల్లో కొవ్వు ఆమ్లాలు అమరి ఉంటాయి. మనం తినే లినోలిక్ ఆమ్లం, అంటే ఒమేగా-6, ఒంట్లో కొంత అరాకిడోనిక్ ఆమ్లంగా మారి ఆ పొరల్లో చేరుతుంది. దెబ్బ తగిలినప్పుడు ఫాస్ఫోలిపేస్ ఎ2 అనే ఎంజైము దాన్ని బయటికి లాగుతుంది. దాని నుంచి ఒక దారిలో ప్రోస్టాగ్లాండిన్లు, ఇంకో దారిలో ల్యూకోట్రైన్లు పుడతాయి. వాపు, ఎరుపు, నొప్పి వీటి పనే. చేపలో ఉండే ఈపీఏ, డీహెచ్ఏ అనే ఒమేగా-3లు అవే పొరల్లో చోటు కోసం అరాకిడోనిక్‌తో పోటీపడతాయి. వాటి నుంచి పుట్టే రసాయనాలు మొత్తం మీద తక్కువ వాపు తెస్తాయి.

ఇంతవరకు విన్నవాళ్లు 'అయితే ఒమేగా-6 చెడ్డది, ఒమేగా-3 మంచిది' అని తేల్చేస్తారు. వ్యవహారం అంత సులువు కాదు. అరాకిడోనిక్ నుంచి పుట్టే ప్రోస్టాగ్లాండిన్ ఇ2 ఫైబ్రోబ్లాస్టుల్లో కొలాజెన్ తయారీని తగ్గిస్తుంది కూడా. పైగా లినోలిక్ ఆమ్లం లేకపోతే చర్మం అసలు చర్మంలా ఉండదు. చర్మం పైపొరలో నీరు బయటికి పోకుండా ఆపే సెరమైడ్లలో అది ముఖ్యమైన భాగం. అమెరికాలో జార్జ్ బర్, మిల్‌డ్రెడ్ బర్ దంపతులు 1929, 1930లలో ఎలుకలకు కొవ్వు పూర్తిగా మానిపించి చూస్తే వాటి చర్మం పొలుసులుగా లేచింది, తోకలు దెబ్బతిన్నాయి. లినోలిక్ ఆమ్లం ఇస్తే కోలుకున్నాయి. కొన్ని కొవ్వు ఆమ్లాలు తిండి ద్వారానే అందాలని అప్పుడే బయటపడింది.

కీలాయిడ్లకు ఈ ఆలోచనను నేరుగా ముడిపెట్టింది దక్షిణాఫ్రికా పరిశోధన. అక్కడి గ్రామీణ నల్లజాతి ప్రజల్లో కీలాయిడ్ల మీద 2000లో మూడు భాగాలుగా వ్యాసాలు వచ్చాయి. రోగులు తినే కొవ్వుల్ని, వాళ్ల రక్తంలోని కొవ్వు ఆమ్లాల్ని పరిశీలించి, అవసరమైన కొవ్వు ఆమ్లాల లోటుకూ కీలాయిడ్ పెరగడానికీ సంబంధం ఉండొచ్చన్న ప్రతిపాదన చేశారు. నాకు అది విలువైన ఆలోచనగానే కనిపిస్తుంది. కాకపోతే ప్రతిపాదన వేరు, చికిత్స వేరు. ఫలానా నూనె ఇన్ని చెంచాలు తింటే కీలాయిడ్ తగ్గుతుందని దాని ఆధారంగా ఎవరైనా చెబితే నమ్మకండి.

మొదటి దారి: తినే నూనె మార్చడం

మన ఊళ్లలో దొరికే నూనెల్లో ఏముందో ముందు చూద్దాం. అంకెలు సుమారువి. విత్తనం రకాన్ని బట్టి అటూ ఇటూ అవుతాయి. ఓలిక్, పామిటిక్, లారిక్, రిసినోలిక్ అన్నవి కూడా కొవ్వు ఆమ్లాల పేర్లే.

| నూనె | ఎక్కువగా ఉండేది | లినోలిక్ వాటా | మచ్చ విషయంలో నా మాట |
|---|---|---|---|
| వేరుశనగ | ఓలిక్, 45 శాతం దాకా | 30 శాతం | వంటకు చక్కగా సరిపోతుంది |
| నువ్వుల (పప్పు) నూనె | ఓలిక్, లినోలిక్ దాదాపు సమానం | 40 శాతం పైన | వంటకు మంచిది |
| పొద్దుతిరుగుడు | లినోలిక్ | 60 శాతం | వంటకు సరే, మానిన చర్మానికి తేమగా కూడా |
| తవుడు నూనె | ఓలిక్, 40 శాతం | 35 శాతం | వంటకు సరే |
| పత్తి గింజల నూనె | లినోలిక్, కొంత పామిటిక్ | 50 శాతం | వంటకు సరే |
| పామాయిల్ | పామిటిక్, ఓలిక్ | 10 శాతం | ఒక్క దీని మీదే ఆధారపడొద్దు |
| కొబ్బరి | లారిక్, సగం దాకా | 2 శాతం లోపు | తిండికి లినోలిక్ దాదాపు ఇవ్వదు |
| అవిసె | ఒమేగా-3 రకం ఏఎల్ఏ, సగం పైన | 15 శాతం | వేడి చేయకుండా వాడాలి |
| ఆముదం | రిసినోలిక్, 85 శాతం పైన | చాలా తక్కువ | పైపూతకే, అదీ మానిన చర్మం మీదే |

ఒంటికి లోటు రాకుండా ఉండాలంటే రోజు తినే కేలరీల్లో ఒకటి రెండు శాతం లినోలిక్ నుంచి వస్తే చాలు. రెండు వేల కేలరీలు తినేవాళ్లకు అది సుమారు రెండు నుంచి నాలుగున్నర గ్రాములు. ఒక పెద్ద చెంచా వేరుశనగ నూనెలోనే నాలుగు గ్రాముల దాకా ఉంటుంది. పొద్దున పల్లీ చట్నీతో ఇడ్లీ తిని, మధ్యాహ్నం తాలింపు పెట్టిన కూర తినే మనిషికి లినోలిక్ లోటు దాదాపు రాదు. ఈ ఒక్క లెక్క తెలిస్తే, మచ్చ కోసం గానుగ నూనె షాపులో ఖరీదైన డబ్బా కొనాలా అన్న టెన్షన్ పోతుంది. గానుగ నూనె రుచికి, నమ్మకానికి కొనుక్కోండి. మచ్చ కోసమని కొనక్కర్లేదు.

లోటు వచ్చే చోటు మన దగ్గర ఒకటుంది, అది పథ్యం. ఆపరేషన్ అయినవాళ్లకు, బాలింతలకు చాలా ఇళ్లలో నూనె మానిపిస్తారు. పప్పు తింటే చీము పడుతుందంటారు. చేప, గుడ్డు, వంకాయ అన్నీ దూరం పెడతారు. చారన్నం, ఎండు కారప్పొడి మీద వారాలు గడుస్తాయి. పెద్దవాళ్లు ప్రేమతోనే చేస్తారు, ఆ మాట కాదనలేం. కానీ కోత మానడానికి ప్రోటీను కావాలి, కొవ్వు కావాలి, జింకు, విటమిన్ సి కావాలి. పప్పు వల్ల చీము పట్టదు. కుట్లలోకి సూక్ష్మక్రిములు చేరితే పడుతుంది. ఆసుపత్రుల్లో కొవ్వు లేని ద్రవాహారం సెలైన్ ద్వారా చాలాకాలం ఎక్కించిన రోగుల్లో చర్మం పొలుసులుగా మారడం, గాయాలు సరిగా మానకపోవడం వైద్యులు చూసిన సంగతే. పథ్యం అంత దూరం వెళ్లకపోయినా, గాయం మానే రోజుల్లో నూనెను సున్నా చేయడానికి కారణం లేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం అమ్మమ్మకు నచ్చజెప్పి, పప్పులో తాలింపు వేయించుకోండి.

రెండో దారి: చేప, అవిసెలు, క్యాప్సూళ్లు

ఒమేగా-3 పెంచుకోవాలనుకునేవాళ్లకు ముందు చేప. అన్ని చేపలూ ఒకటి కావు. నిజాంపట్నం, మచిలీపట్నం వైపు నుంచి వచ్చే కానగంతలు, నూనె కవళ్లు లాంటి సముద్రపు చేపల్లో ఈపీఏ, డీహెచ్ఏ బాగా ఉంటాయి. చెరువుల్లో పెంచిన బొచ్చె, శీలావతిలో మంచి ప్రోటీను ఉంటుంది కానీ ఈ ఒమేగా-3లు అంతకంటే తక్కువ. పైగా కానగంతలు, కవళ్లు పెద్ద ఖరీదైన చేపలు కూడా కాదు. చింతపండు పులుసుగానో ఇగురుగానో వారానికి ఒకటి రెండుసార్లు తినండి. నూనెలో బాగా వేయించితే కొంత మేలు పోతుంది.

శాకాహారులకు అవిసెలు ఉన్నాయి. గింజ గింజగా మింగితే చాలావరకు అరక్కుండానే బయటికి పోతాయి. దోరగా వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి కారప్పొడి కొట్టుకుంటే బాగుంటుంది. దీంట్లో ఉన్న ఏఎల్ఏ ఒంట్లో ఈపీఏగా మారేది కొద్ది శాతమే, డీహెచ్ఏగా మారేది ఇంకా తక్కువ. అంటే అవిసెలు చేపకు సరిసమానం కావు. అయినా తినదగ్గవే.

ఇక చేపనూనె క్యాప్సూళ్లు. ఇక్కడ నేను కాస్త గట్టిగా చెప్తాను. తాజా గాయం ఉన్నప్పుడు మచ్చ రాకుండా ఉండాలని సొంతంగా ఇవి మొదలుపెట్టకండి. వాపు చెడ్డదన్నది సగం నిజం. గాయం మానే మొదటి రోజుల్లో వాపు పని చేయాలి. 2008లో అమెరికాలో ఆరోగ్యవంతుల మీద జరిగిన ఒక చిన్న ప్రయోగంలో, నాలుగు వారాలు ఈపీఏ, డీహెచ్ఏ తీసుకున్నవాళ్లలో చేతి మీద చేసిన చిన్న బొబ్బ గాయాల దగ్గర వాపు సంకేతాలు తగ్గకపోగా ఒకటి పెరిగింది, మానడం కూడా కాస్త ఆలస్యమయ్యే ధోరణి కనిపించింది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టరును అడక్కుండా అసలు మొదలుపెట్టొద్దు. ఆపరేషన్ ఉందంటే మీరు మింగుతున్నవన్నీ, ఈ క్యాప్సూళ్లతో సహా, సర్జనుకు చెప్పండి. గుండెకో ట్రైగ్లిజరైడ్లకో డాక్టరు రాసిస్తే అది వేరే లెక్క.

మూడో దారి: పైన రాసే నూనెలు

కౌంటరు దగ్గర ఎక్కువగా వినిపించే ప్రశ్న ఇదే. ఒకమ్మాయి స్కార్ఫ్ పక్కకు తీసి చెవి వెనక గడ్డ చూపించింది. దాని చుట్టూ చర్మం ఎర్రగా కంది, సన్నటి పొక్కులు లేచి ఉన్నాయి. రోజూ రాత్రి విటమిన్ ఇ క్యాప్సూల్ చిదిమి రుద్దుతోందట. ఆ పొక్కులు కీలాయిడ్‌వి కావు, పూతవే అనిపించాయి. చర్మం డాక్టరు దగ్గరికి పంపాను. 1999లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆపరేషన్ మచ్చల మీద విటమిన్ ఇ రాస్తే మచ్చ బాగుపడలేదు, మూడోవంతు మందికి చర్మం అలర్జీతో కందింది. అందుకే మచ్చ మీద విటమిన్ ఇ రాయడం నేను వద్దంటాను.

నూనెల్లోనూ తేడా ఉంది. ఆలివ్ నూనెలో ఓలిక్ ఆమ్లం ఎక్కువ. ఓలిక్ చర్మం పైపొర అమరికను వదులు చేస్తుంది. 2013లో ఇంగ్లండ్‌లో జరిగిన పరిశీలనలో పెద్దవాళ్ల ముంజేతి మీద ఆలివ్ నూనె వారాల తరబడి రాస్తే చర్మపు రక్షణ పొర దెబ్బతింది, పొద్దుతిరుగుడు నూనెతో అలా జరగలేదు. లినోలిక్ ఎక్కువ, ఓలిక్ తక్కువ ఉండటమే ఈ తేడాకు కారణమని భావిస్తున్నారు. కొబ్బరి నూనె చర్మాన్ని తేమగా ఉంచుతుంది, చాలామందికి పడుతుంది. ఆముదం చిక్కగా ఉండి మర్దనకు జారుడు ఇస్తుంది. ఇవన్నీ మానిన చర్మానికి తేమ ఇవ్వడానికి, దురద తగ్గడానికి బాగానే ఉంటాయి. సువాసన లేని వాసెలిన్ కూడా అదే పని చేస్తుంది, అలర్జీ భయం తక్కువ. లేచిన కొలాజెన్‌ను ఇవేవీ కరిగించలేవు.

పచ్చి గాయం మీద, కాలిన చోట మాత్రం వంటింటి నూనె ఏదీ వద్దు. తాలింపు నూనె చేతి మీద చింది కాలితే, ఇంకో నూనె రాయడం, టూత్‌పేస్ట్ పూయడం కాకుండా, ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టండి. ఐసు వద్దు. కాలిన గాయం మానడానికి మూడు వారాలు దాటిందంటే ఉబ్బే మచ్చ వచ్చే అవకాశం బాగా పెరుగుతుంది. కాబట్టి రెండు వారాలకు మానే సూచన కనిపించకపోతే డాక్టరుకు చూపించండి.

నాలుగో దారి: సిలికాన్

కొవ్వు ఆమ్లాలతో సంబంధం లేకపోయినా పోలికలో ఇది ఉండి తీరాలి. ఎందుకంటే పైన రాసేవాటిలో, గాయం మూసుకున్నాక మచ్చ లేవకుండా చూడటానికి డాక్టర్లు ముందుగా చెప్పేది ఇదే. సిలికాన్ షీటు లేదా జెల్ చర్మంలోని తేమను నిలిపి ఉంచుతుంది. తేమ నిలిస్తే ఫైబ్రోబ్లాస్టుల హడావిడి తగ్గుతుందని భావిస్తున్నారు. షీటు రోజుకు కనీసం 12 గంటలు, రెండు మూడు నెలలకు తగ్గకుండా వాడాలి. దీనికున్న ఆధారాలు కూడా బలమైనవని చెప్పను. కానీ హాని తక్కువ, తర్కం సరైనది.

మన ఎండలకు ఇందులో ఒక చిక్కుంది. మే నెల విజయవాడలో ఛాతీ మీద షీటు అతికించుకుని బందరు రోడ్డు మీద బండి నడిపితే, దాని కింద చెమటపొక్కులు లేస్తాయి. వేసవిలో పగలు జెల్, రాత్రి ఫ్యాను కింద షీటు అన్నది సర్దుబాటు. షీటును రోజూ సబ్బుతో కడిగి ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.

ఐదో దారి: ఇంజెక్షన్, ఆపరేషన్

కీలాయిడ్ వచ్చేశాక అసలు చికిత్స ఇక్కడే మొదలవుతుంది. ట్రైయామ్సినలోన్ అనే స్టెరాయిడ్‌ను గడ్డలోకే ఎక్కిస్తారు. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి, కొన్నిసార్లు. స్టెరాయిడ్లు చేసే పనుల్లో ఒకటి ఫాస్ఫోలిపేస్ ఎ2 ను అణచడం, అంటే అరాకిడోనిక్ ఆమ్లం బయటికి రాకుండా మొదట్లోనే ఆపడం. చేపతో నెలల తరబడి పొరల్లో కొద్దికొద్దిగా మార్పు తేవాలని చూసే దారినే ఇంజెక్షన్ సూటిగా, గడ్డ ఉన్న చోటే మూసేస్తుంది. దాంతోపాటు కొలాజెన్ తయారీని కూడా తగ్గిస్తుంది. కొవ్వు ఆమ్లాల సిద్ధాంతం మీద నమ్మకం ఉన్నవాళ్లు ఇంజెక్షన్‌కు భయపడటంలో అర్థం లేదని నేను అనుకునేది అందుకే.

ఇబ్బందులు దాచను. గట్టి గడ్డలోకి సూది దిగితే నొప్పి ఉంటుంది. చర్మం పలచబడొచ్చు, చుట్టూ తెల్లబడొచ్చు. మన ఒంటిరంగు మీద ఆ తెలుపు బాగా కనిపిస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకు కొన్నాళ్లు షుగర్ పెరగొచ్చు. ఆడవాళ్లకు నెలసరి తప్పొచ్చు. ఇంజెక్షన్‌తో పాటు 5-ఫ్లోరోయురాసిల్ అనే మందు కలపడం, మచ్చను అతిచల్లదనంతో గడ్డకట్టించే క్రయోథెరపీ చేయడం కూడా ఉన్నాయి. క్రయోథెరపీ తర్వాత కూడా తెల్లమచ్చ మిగలొచ్చు.

కోసి తీసేయించుకుంటే పోతుందిగా అని చాలామంది అడుగుతారు. ఒక్క కోతతోనే వదిలేస్తే కీలాయిడ్ 45 నుంచి 100 శాతం దాకా తిరిగి వస్తుందని పుస్తకాలు చెబుతాయి. కొన్నిసార్లు ముందుకంటే పెద్దదిగా వస్తుంది. అందుకే కోశాక ఇంజెక్షన్లో, చెవికైతే ఒత్తిడి క్లిప్పులో, మొండి కేసుల్లో రేడియేషనో జతచేస్తారు. గర్భిణులకు రేడియేషన్ ఇవ్వరు, పిల్లలకు సాధారణంగా వద్దంటారు. ఆర్‌ఎంపీ దగ్గర బ్లేడుతో కోయించుకోవడం, దారంతో బిగించి కట్టడం, యాసిడ్ పూయడం ఎంతమాత్రం వద్దు.

పక్కపక్కన పెడితే

| దారి | గాయం మానేటప్పుడు | ఉబ్బిన కొత్త మచ్చ | పాత కీలాయిడ్ | చూసుకోవాల్సింది |
|---|---|---|---|---|
| సరిపడా వంటనూనె, పప్పు, గుడ్డు | తప్పనిసరి | మంచిది | మంచిదే, తగ్గించదు | పథ్యం పేరుతో మానేయడం |
| సముద్రపు చేప, అవిసెలు | తిండిగా సరే | తిండిగా సరే | తగ్గించదు | చేప పడనివాళ్లు |
| చేపనూనె క్యాప్సూళ్లు | సొంతంగా వద్దు | డాక్టరును అడిగి | తగ్గించదు | రక్తం పలచబడే మందులు |
| నూనె మర్దన | పచ్చి గాయం మీద వద్దు | తేమకు, దురదకు | దురదకు | అలర్జీ పొక్కులు |
| సిలికాన్ | మూసుకున్నాకే | మొదటి ఎంపిక | తోడుగా | చెమట, ఓపిక |
| స్టెరాయిడ్ ఇంజెక్షన్ | వద్దు | అణగకపోతే | మొదటి ఎంపిక | షుగర్, తెల్లబడటం |
| కోసి తీయడం | వర్తించదు | అరుదుగా | ఒంటరిగా వద్దు | తిరిగి రావడం |

ఎవరికి ఏది

చెవికి రెండో, మూడో రంధ్రం కుట్టించుకోవాలనుకునే కాలేజీ అమ్మాయిలకు: 2005లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం పదకొండేళ్లు దాటాక చెవులు కుట్టించుకున్నవాళ్లలో కీలాయిడ్ ఎక్కువ. మన ఇళ్లలో పసితనంలోనే చెవులు కుట్టించడం ఆ లెక్కన మంచిదే. ఇంట్లో ఎవరికైనా కీలాయిడ్ ఉంటే రెండో రంధ్రం ఆలోచన మానుకోవడమే మేలు. ఏ నూనె రాసినా, ఏ క్యాప్సూల్ మింగినా ఆ ప్రమాదం పోదు. కుట్టించుకుని తీరాలంటే శుభ్రమైన సూదితో, మృదులాస్థి ఉన్న పైచెవికి కాకుండా తమ్మెకే. కొన్ని వారాలకు గట్టిపడుతోందనిపిస్తే ఆ దిద్దు తీసేసి వెంటనే చర్మం డాక్టరుకు చూపించండి. చిన్నగా ఉన్నప్పుడు ఇంజెక్షన్ బాగా పనిచేస్తుంది.

ఛాతీ మీద, వీపు మీద మొటిమలున్న కుర్రాళ్లకు: మచ్చకు కాదు, మొటిమకు వైద్యం చేయించండి. గిల్లడం, పిండటం ఆపండి. కొబ్బరి నూనె మొటిమలను పెంచొచ్చు, ఆ భాగంలో రాయొద్దు. ఛాతీ మీది కీలాయిడ్ మొండిది, ఆలస్యం చేయకండి.

సిజేరియన్ అయిన తల్లులకు: పప్పు, గుడ్డు, తాలింపు, కూరగాయలు, అలవాటుంటే చేప, అన్నీ తినండి. కుట్లు పూర్తిగా మానాక, డాక్టరు సరేనన్నాక సిలికాన్ మొదలుపెట్టండి. గీత వరకే ఉబ్బి ఉంటే చాలావరకు కాలంతో అణుగుతుంది, కంగారు పడక్కర్లేదు. గీత దాటి పాకితే చూపించండి.

మిర్చి యార్డులో, వంటగదుల్లో, కర్మాగారాల్లో పనిచేస్తూ చేతులకు, ముంజేతులకు కాలిన, తెగిన గాయాలు తగిలేవాళ్లకు: గాయం మీద దుమ్ము, కారం పడకుండా కట్టు ఉంచండి. కీళ్ల దగ్గర కాలిన మచ్చ బిగుసుకుపోతే వేలు ముడుచుకుపోవచ్చు. అక్కడ నూనె మర్దన కంటే ఫిజియోథెరపీ, ప్రెషర్ గ్లవుజు ముఖ్యం.

షుగర్ ఉండి పాత కీలాయిడ్‌తో బాధపడే పెద్దవారికి: దురద, నొప్పి లేకుండా, పెరగకుండా ఉంటే దాన్ని అలాగే వదిలేయడం కూడా ఒక సరైన ఎంపికే. చికిత్స కావాలంటే షుగర్ అదుపులోకి తెచ్చుకుని, ఇంజెక్షన్ ముందు ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

శాకాహారులకు వేరే దారి అంటూ ఏదీ లేదు. వేరుశనగ లేదా నువ్వుల నూనె, అవిసె కారప్పొడి, పప్పులు, పెరుగు సరిపోతాయి. అవిసె నూనె సీసా కొంటే ఫ్రిజ్‌లో పెట్టుకోండి, తాలింపుకు వాడకండి. వాసన మారితే పారేయండి.

ఎక్కడికి వెళ్లాలో తెలియనివాళ్లకు: గుంటూరు జీజీహెచ్, విజయవాడ ప్రభుత్వాసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్, మూడింటిలోనూ చర్మవ్యాధుల విభాగం ఉంది. ఓపీ చీటీ రాయించుకునేటప్పుడే కీలాయిడ్ అని చెప్పండి, నేరుగా అక్కడికి పంపుతారు. గాయం ఎప్పుడైంది, గడ్డ ఎప్పుడు మొదలైంది, ఇంట్లో ఎవరికైనా ఉందా, ఇప్పటిదాకా ఏమేం రాశారు, ఏమేం మింగారు అన్నవి ఒక కాగితం మీద రాసుకుని, ఆ రెండు ఫొటోలతో వెళ్లండి.